ముల్లు ఒకటే, పంక్చర్లు మూడు

పొద్దున పంక్చరు, మధ్యాహ్నం చైను ఊడటం, ఇంటికి మళ్ళేటప్పుడు బ్రేకు పట్టకపోవడం, ఈ నడుమ మళ్ళీ అదే టైరు గాలి దిగడం. హాలియా చుట్టుపక్కల ఊళ్ళలో సైకిలు మీద తిరిగే ఎవరికైనా ఇలాంటి రోజు ఒకటి అనుభవమే. అన్నీ ఒకేరోజు మీద పడితే పొద్దున్నే ఎవరి ముఖం చూసి లేచామో అనుకుంటాం. కానీ అవి నాలుగు వేర్వేరు దురదృష్టాలు కావు. చాలాసార్లు మొదటిది మాత్రమే బయటి నుంచి వస్తుంది. మిగతావి దాన్ని తొందర తొందరగా బాగుచేసేటప్పుడు మన చేతులతో మనం పుట్టించుకున్నవే.

ముందు ఆ మొదటిదాని సంగతి. నకిరేకల్ నుంచి నల్లగొండ, హాలియా మీదుగా నాగార్జునసాగర్ దాటి మాచర్ల వైపు పోయే 565 జాతీయ రహదారి మీద లారీల భయమే గాని ముళ్ళ భయం తక్కువ. రోడ్డు దిగి సాగర్ ఎడమ కాల్వ కట్ట ఎక్కామా, మడుల మధ్య బండ్ల బాట పట్టామా, అసలు కథ అక్కడ మొదలవుతుంది. కట్టల పొడుగునా సర్కారు తుమ్మ. దాన్ని నరికి కంపను బాట మీదుగా ఈడ్చుకుపోతారు. రాలిన ముల్లు ఎండి గట్టిపడి పాత టైరులో మేకులా దిగబడుతుంది. వానలు తగ్గాక పల్లేరు కాయలు తయారు. ఆ కాయ ఎటు దొర్లినా ఒక ముల్లు పైకే ఉంటుంది, చెప్పుల్లేని కాలికీ సైకిలు టైరుకూ దానికి తేడా లేదు. నాట్ల కాలంలో ఇంకో బాధ. దమ్ము చేసిన ట్రాక్టర్లు కేజ్‌వీళ్ళు విప్పకుండానే తారు రోడ్డెక్కితే ఆ ఇనుప పట్టీలు రోడ్డును వరసగా గీరి పెడతాయి. కోతలయ్యాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచు వెంట రాళ్ళు పెడతారు. పొద్దుగూకాక డైనమో వెలుతురులో ఆ రాయి కనిపించేసరికి ముందు చక్రం దాని మీదే ఉంటుంది.

గాలి దిగింది కదా అని ట్యూబు బయటికి లాగి బొక్క వెతుకుతాం. బొక్క దొరకగానే పని అయిపోయిందనుకుంటాం గాని, అది ట్యూబులో ఏ పక్కన ఉందో చూడటమే అసలు పరీక్ష. నేలకు ఆనే వైపు సూదిమొన అంత ఒక్క చిల్లి ఉంటే అది ముల్లు. పక్కపక్కనే రెండు చీలికలుంటే ముల్లు కాదు. గాలి తక్కువగా ఉన్న చక్రం రాయి మీదో గుంతలోనో పడి, రిమ్ము అంచులు రెండూ ట్యూబును నొక్కేశాయి. క్యారియరు మీద బియ్యం బస్తా ఉన్న రోజు వచ్చేది ఎక్కువగా ఇదే. రిమ్ము వైపు చిల్లి ఉంటే లోపల పట్టీ జరిగి స్పోకు కొస బయటపడిందన్నమాట. వాల్వు మొదట్లో చిరిగిందంటే గాలి లేని టైరును తొక్కుకుంటూ చాలా దూరం వచ్చామని. టైరు రిమ్ము మీద కొంచెం కొంచెంగా జరుగుతుంది, ట్యూబును వెంట ఈడుస్తుంది, కదలని వాల్వు దగ్గర రబ్బరు తెగుతుంది. ఆ చిరుగుకు అతుకు నిలవదు, ట్యూబు మార్చాల్సిందే. అందుకే గాలి పోయిన సైకిలును నడిపించుకుపోవాలి, ఎక్కి తొక్కకూడదు. షాపు దగ్గర్లోనే కదా అని ఎక్కితే పంక్చరు డబ్బుల బదులు ట్యూబు డబ్బులవుతాయి.

రెండో పంక్చరు ఎక్కడ పుడుతుందో ఇప్పుడు చెప్పొచ్చు. ట్యూబుకు అతుకు వేశాం, టైరులో విరిగి ఉండిపోయిన ముల్లు మొనను మరిచిపోయాం. బయట నుంచి అది కనిపించదు. లోపల వేలు పెట్టి తడిమితే కొన్నిసార్లు వేలికే గుచ్చుకుంటుంది, కొన్నిసార్లు తగలనే తగలదు. పాత మెకానిక్కులు కాస్త దూది గాని మెత్తటి గుడ్డ పేలిక గాని తీసుకుని టైరు లోపల చుట్టూ రాస్తారు. మొన ఉన్నచోట దూది పోగు పట్టుకుంటుంది. అక్కడ టైరును వంచి పటకారుతో లాగితే ఆవగింజ అంత ముక్క బయటికొస్తుంది. చిల్లి ఎంత దూరంలో ఉందో వాల్వు నుంచి కొలుచుకుని, టైరు మీద అదే చోటు చూస్తే వెతుకులాట ఇంకా తగ్గుతుంది.

మూడోది అతుకు దగ్గర. ఉప్పు కాగితంతో ట్యూబును గరుకు చేసి, సొల్యూషన్ పూసి, వెంటనే అతుకు నొక్కేయడం చాలామంది చేసే పని. జిగురు తడిగా ఉంటేనే పట్టుకుంటుందని మన నమ్మకం. రబ్బరు సొల్యూషన్ సంగతి దీనికి తలకిందులు. అందులో రబ్బరు కరిగి ఉన్న ద్రావకం గాలికి ఎగిరిపోవాలి. పలచగా పూసి, అయిదు నిమిషాలు ఆగి, వేలు ఆనిస్తే తడి అంటకుండా ఉన్నప్పుడు అతికితే రబ్బరుకు రబ్బరు పట్టుకుంటుంది. తడిమీదే అతికిస్తే ద్రావకం లోపలే చిక్కుకుని అతుకు మెత్తగా ఉండిపోతుంది. మే నెల మధ్యాహ్నం రోడ్డు కాగుతుంటే ఆ అతుకు అంచు లేచి గాలి సన్నగా జారిపోతుంది. మనం మాత్రం ఎండ మీద నేరం మోపుతాం.

ఎండకు టైరు పేలుతుందనే మాట ఇక్కడే తేల్చుకుందాం. నల్లగొండ జిల్లా ఎండలు తక్కువవేం కావు, ఆ మాటలో కొంత నిజమూ లేకపోలేదు. అయితే లెక్క చూడండి. పొద్దున 25 డిగ్రీల చల్లదనంలో 40 పౌండ్ల గాలి కొట్టారు. మధ్యాహ్నానికి టైరు లోపలి గాలి 55 డిగ్రీలకు చేరిందనుకుంటే ఒత్తిడి దాదాపు 45, 46 పౌండ్ల దాకా పెరుగుతుంది, అంతే. మంచి టైరుకు అది లెక్కలోది కాదు. పేలేది పక్కల పగుళ్ళిచ్చి నూలు దారాలు బయటపడ్డ టైరు, లేదంటే ఎక్కించేటప్పుడు ట్యూబు కొంత రిమ్ము అంచు కింద ఇరుక్కుపోయిన టైరు. ఈ రెండోది కూడా తొందర పనే. గాలి నిండుగా కొట్టకముందు టైరును రెండు పక్కలా చుట్టూ వేళ్ళతో ఒత్తి చూస్తే ట్యూబు తొంగిచూస్తున్న చోటు దొరికిపోతుంది. చెట్టు కింద నీడ ఉంటే సైకిలు నీడకు పెట్టండి, మంచిదే. నీడ దొరకలేదని గాలి తీసేయడం మాత్రం పొరపాటు. గాలి తగ్గిన చక్రం రాళ్ళ బాటలో ఇందాక చెప్పిన జంట చీలికలకే దారి తీస్తుంది.

అసలు చిల్లే కనబడకుండా రోజూ గాలి దిగే సైకిళ్ళు కొన్ని ఉంటాయి. పాతకాలపు పెద్ద సైకిలు వాల్వులో సన్నని రబ్బరు గొట్టం ఒకటి తొడిగి ఉంటుంది. కొట్టిన గాలిని లోపలికి పోనిచ్చి బయటికి రానివ్వకపోవడం దాని పని. ఎండకూ వయసుకూ అది పిగిలిపోతుంది. వాల్వు మొన మీద ఉమ్మి తడి పెట్టండి, బుడగ లేస్తే దొంగ అక్కడే. రూపాయల్లో దొరికే ఆ ముక్క కోసం ట్యూబు మొత్తం నీళ్ళ బొచ్చెలో ముంచి చూసేవాళ్ళను ఏమనాలి!

ఇంతకీ చైను ఎందుకు ఊడింది? వెనక చక్రం పంక్చరు కోసం విప్పాం కాబట్టి. పెద్ద సైకిలులో వెనక ఇరుసు ఒక గాడిలో ముందుకూ వెనక్కూ జరుగుతుంది. చైను బిగువు అక్కడే తేలుతుంది. బాట పక్కన ఒక పానాతో రెండు నట్లూ ఆదరాబాదరాగా బిగిస్తే, కుడిపక్క నట్టు కొంచెం వదులుగా మిగులుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు నిలబడి తొక్కుతాం. చైను లాగుడు పడేది కుడిపక్కనే గనక ఇరుసు ఆ పక్క ముందుకు జారుతుంది, చక్రం ఒరిగి ఎడమ పక్క ఇనుప గొట్టానికి రాసుకుంటుంది, చైను వదులై పళ్ళ మీంచి జారిపోతుంది. అది జారేది కాలి బలమంతా పెడలు మీద ఉన్న క్షణంలోనే కాబట్టి మోకాలు చిప్ప హ్యాండిలుకు తగలడమో, మనిషి పక్కకు పడటమో ఖాయం. చక్రం ఎక్కించాక వెనక నిలబడి, రిమ్ము రెండు గొట్టాలకూ సమదూరంలో ఉందా చూసి, అప్పుడు నట్లు వంతులవారీగా బిగించాలి. చైను నడిమధ్యన వేలితో ఎత్తితే అరంగుళం, ముప్పావు అంగుళం ఆడితే సరైన బిగువు.

బిగువు సరిగ్గా ఉన్నా ఊడుతోందంటే చైను అరిగిపోయింది. దాన్ని కనుక్కోవడానికి స్కేలు చాలు. చైను మేకుకూ మేకుకూ మధ్య అరంగుళం, అంటే 24 కణుపులకు సరిగ్గా 12 అంగుళాలు. కొలిస్తే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ వచ్చిందా, చైను మార్చే వేళయింది. ఇంకా లాగిస్తే అది పళ్ళను కూడా తన కొలతకు అరగదీస్తుంది, అప్పుడు కొత్త చైను వేసినా పాత పళ్ళ మీద నిలవదు.

చక్రం జరిగిందంటే బ్రేకు కూడా జరిగిందని చాలామందికి తట్టదు. కమ్మీ బ్రేకుల రబ్బర్లు రిమ్మును లోపలి వైపు నుంచి పట్టుకుంటాయి. ఇరుసు గాడిలో పావంగుళం జరిగితే రబ్బరుకూ రిమ్ముకూ ఎడం మారిపోతుంది. పొద్దున పట్టిన బ్రేకు సాయంత్రం పట్టకపోవడానికి కారణం ఇదే. దానికి తోడు వాన పడితే? మెరుగు పెట్టిన ఇనుప రిమ్ము తడిసినప్పుడు రబ్బరు పట్టు ఎంత దిగజారుతుందో అమెరికాలోని ఎంఐటీలో కొలిచి చూశారు. పొడిగా ఉన్నప్పటి పట్టులో పదో వంతు కూడా మిగల్లేదు. సాగర్ వైపు దిగుడు రోడ్డు మీద చినుకులు మొదలైతే, ఆగాల్సిన చోటుకు చాలా ముందు నుంచే బ్రేకు మెల్లగా పట్టి రిమ్ము మీది తడిని తుడుచుకుంటూ పోవాలి. ఎదురుగా బర్రె వచ్చాక పడితే ఆగేది బర్రె దగ్గరే.

ఇక చప్పుళ్ళు. పెడలు చుట్టు తిరిగినప్పుడల్లా ఒక్కసారి 'టక్' మంటే అది కాటరు పిన్ను. పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే ఆప్పులాంటి మేకు అది, ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది. నట్టు తిప్పి బిగిద్దామంటే మర పోతుంది. కింద బరువైన రాయి ఆనించి, పైన సుత్తితో దింపి, ఆ తర్వాతే నట్టు. వదులుగా తొక్కితే రెండు మూడు కోసుల్లో పిన్ను చెక్కు అరిగి కడ్డీ గిర్రున తిరుగుతుంది. చక్రం చుట్టుకొకసారి చప్పుడైతే టైరు ఉబ్బిందో స్పోకు తెగిందో చూసుకోవాలి. పెద్ద సైకిలుకు ముందు 32, వెనక 40 స్పోకులు ఊరికే పెట్టలేదు, బరువు ఎక్కువగా పడేది వెనకే. ఒకటి తెగితే దాన్ని పక్కదానికి మెలేసి ఇల్లు చేరొచ్చు. రెండోది తెగితే దిగి నడవండి. పెడలు తిరుగుతూ చక్రం తిరగకపోతే ఫ్రీవీలు లోపలి పట్టు ముక్కలు బురదకో పాత గ్రీజుకో అతుక్కుపోయాయి. కాస్త కిరోసిను పోసి వెనక్కి తిప్పితే చాలావరకు వదులుతాయి.

ఇవన్నీ ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. ఒకప్పుడు మండల కేంద్రంలో అద్దె సైకిళ్ళ షాపులుండేవి. పిల్లలు గంటకు ఇంతని అద్దె కట్టి అక్కడే కైంచి తొక్కడం నేర్చుకునేవారు, షాపులో ఏ సైజు ట్యూబైనా వేలాడుతూ ఉండేది. ఇప్పుడు రోడ్డు మీద పంక్చరు బోర్డు ఉందంటే అది మోటార్‌సైకిలు, ట్రాక్టరు టైర్ల కోసం. "పెద్ద సైకిలు ట్యూబు లేదన్నా, మిర్యాలగూడ నుంచి తెప్పియ్యాలె" అంటారు. కాబట్టి సంచిలో ఒక ట్యూబు, సొల్యూషన్, అతుకులు, ఉప్పు కాగితం ముక్క, కాస్త దూది, వాల్వు రబ్బరు, ఒక పానా, చిన్న పంపు, మూరెడు బైండింగు వైరు ఉంటే మంచిది. హైదరాబాదు నుంచి రెండు వందలు, మూడు వందల కిలోమీటర్ల సుదూర యాత్రలు చేసే క్లబ్బు సైకిలిస్టులకు కూడా నియమం ఇదే: దారిలో వెనకాల కారు రాకూడదు, చెడితే ఎవరిది వాళ్ళే చూసుకోవాలి.

ఆ నియమం పాతది, ఒకప్పుడు ఇంకా కఠినంగా ఉండేది. 1913 టూర్ ద ఫ్రాన్స్‌లో యూజీన్ క్రిస్తోఫ్ అనే ఫ్రెంచి పోటీదారు టూర్మలే కొండ దిగుతుండగా ముందు ఫోర్కు విరిగింది. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, కింద ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర తన చేతులతోనే ఇనుము కాల్చి అతుకు పెట్టుకున్నాడు. తిత్తి ఊదడానికి ఒక పిల్లవాడు సాయం పట్టాడని పక్కనే నిలబడ్డ అధికారులు పైపెచ్చు జరిమానా వేశారు!

క్రిస్తోఫ్‌కు వేరే దారి లేదు గాని, మన విషయంలో ఆ ఫోర్కు పనికి పూనుకోకూడదు. ఫోర్కు ఒక్కసారిగా విరగడం తక్కువ. హ్యాండిలు కింద, రెండు కాళ్ళు కలిసే చోట రంగు మీద వెంట్రుక మందాన గీత పడుతుంది, గీతలో తుప్పు కనిపిస్తుంది. వడ్ల రాయిని గట్టిగా గుద్దిన మరునాడు అక్కడ గుడ్డతో తుడిచి చూడండి. గీత ఉంటే వెల్డింగు చేయిస్తామని బయల్దేరొద్దు. అతికిన చోటు పక్కనే మళ్ళీ తెగుతుంది, అదీ చక్రం పరుగులో ఉన్నప్పుడు. మిర్యాలగూడ నుంచి కొత్తది వచ్చేదాకా సైకిలును గోడకు ఆనించి ఉంచండి.