విభక్తియే వాహనమైన వైనము

ఆంగ్లమున కురుచబడి మన నోట నలుగుచున్న మాటలలో 'ఫొటో' తన మూలపదపు శిరస్సును, 'ఫోను' తన మూలపదపు తోకను నిలుపుకొన్నవి. ఆ శిరస్సునకును, ఆ తోకకును తమకై యొక యర్థము గలదు. బస్సు సంగతి యట్లు కాదు. 'ఆమ్నిబస్' అను లాటిను పదమునకు అందఱికొఱకు అని యర్థము. అందు అందఱు అను భావమంతయు 'ఆమ్ని'లోనే యుండగా, మిగిలిన 'బస్' అనునది వట్టి చతుర్థీ బహువచన ప్రత్యయము, సంస్కృతమున 'సర్వేభ్యః' అనునపుడు చివర వినవచ్చు 'భ్యః'కు దాయాది. ప్రకృతి యెగిరిపోయి ప్రత్యయమొక్కటియే మిగులగా, దానికి మనవా రుకారమును తగిలించి, ద్విత్వమిచ్చి, 'బస్సుకొఱకు నిలుచుంటిమి' అని మఱియొక చతుర్థిని పైకెక్కించి వాడుచున్నారు. వైయాకరణుడు నవ్వవచ్చును గాని, బస్సు రానంతవఱకు అతడును నిలుచుండవలసినదే.

ఈ నామకరణమునకు ఫ్రాన్సు దేశమందలి నాంట్ నగరమున 1820 తరువాతి యేండ్లలో స్టానిస్లాస్ బోద్రీ నడపిన గుఱ్ఱపుబండి మూలము. తన పిండిమరలోని ఆవిరియంత్రమునుండి వెలువడు వేడినీరు వృథా పోనేల యని యతడు ఊరిబయట స్నానశాల నెలకొల్పి, స్నానార్థులకై బండి యేర్పఱచెను. జనులు బండినైతే యెక్కిరి గాని, స్నానముదాక పోక నడుమనే దిగి తమ పనులకు పోవజొచ్చిరి. స్నానశాలకన్న బండియే మేలని బోద్రీ గ్రహించెను. బండి యాగుచోట 'ఓమ్నెస్' అను టోపీల వర్తకుడు తన పేరుపై శ్లేషించి 'ఓమ్నెస్ ఓమ్నిబస్' అని పలక వ్రేలగట్టెననియు, పేరు అందుండియే వచ్చెననియు నొక కథ గలదు. నిజమైనను కాకున్నను శ్లేష రసవంతమే. 1829 జూలై 4న షిల్లిబీర్ అను నతడు మూడు గుఱ్ఱములను బూన్చి, 22 మంది పట్టు బండిని లండనులో పాడింగ్టన్ నుండి బ్యాంక్ వఱకు నడపెను. హైదరాబాదున 1932లో నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ఆరంభమయ్యెను.

ఇక విద్యుత్ సబ్‌స్టేషనులోనికి పోయినచో, చక్రములు లేని బస్సు కనబడును. పింగాణీ ఇన్సులేటర్లపై ఈ కొననుండి ఆ కొనకు సాగిన లావుపాటి లోహపుతీగలనో గొట్టములనో అచ్చటివారు బస్సందురు. ట్రాన్స్‌ఫార్మరు తెచ్చిన విద్యుత్తంతయు నందు చేరును, ఫీడర్లన్నియు నందుండియే తోడుకొనును. ఊరుమ్మడి చెఱువు వంటి దన్నమాట. అందు దోషము పుట్టెనా, దాని నంటియున్న ఫీడర్లన్నియు నొక్కమారే చీకటియగును. బస్‌స్టాండులో 'బస్సు ఛార్జీ' యెంత యని యడిగిన కండక్టరు రూపాయలు చెప్పును. సబ్‌స్టేషనులో 'బస్సు ఛార్జి చేసినారా' యని యడిగిన, ఆపరేటరు అందు వోల్టేజి యున్నదో లేదో చెప్పును, అంతవఱకు ఎవడును దానిదరికి బోరాదు.

కంప్యూటరులోని బస్సు మఱింత సూక్ష్మము, అచ్చట బస్సనగా సన్నని తీగల కట్ట. 1978 నాటి ఇంటెల్ 8086 అను ప్రాసెసరునకు 20 అడ్రసు తీగలు. ఒక్కొక్కటి సున్నయో ఒకటియో పలుకగా 10,48,576 జ్ఞాపకస్థానములను వేర్వేఱుగా పిలువవచ్చును. సమాచారమును మోయు తీగలు ప్రాసెసరునకును, మెమరీకిని, తక్కిన పరికరములకును ఉమ్మడి గనుక, ఒకరు పలుకువేళ తక్కినవారు మౌనము వహింపవలయును. మన చట్టసభలలో కానరాని యీ నియమమును సిలికాను తునక పాటించుచున్నది. 1996లో వచ్చిన యూఎస్‌బీ పేరున చివరి అక్షరమును ఈ బస్సే యని పెన్‌డ్రైవు గుచ్చువారిలో నెందఱు తలంతురు?

చిత్రమేమనగా, తెగిపోయిన తల పూర్తిగా నశింపలేదు. తమిళనాట దూరప్రయాణపు ప్రైవేటు బస్సులను నేటికిని 'ఆమ్ని బస్సు'లనియే పిలుతురు. 1988 నాటి మన మోటారు వాహనముల చట్టమందును 'ఆమ్నిబస్' సమగ్రముగనే యున్నది: డ్రైవరును మినహాయించి ఆఱుగురికన్న నెక్కువమందిని మోయుటకై నిర్మింపబడిన, లేదా మార్చబడిన మోటారు వాహనమని నిర్వచనము. ముగ్గురికై చేసిన ఆటో సంతరోజున పదిమందిని మోసినను, ఆ పేరునకు అర్హము కాదు.