కొత్త కోచ్ గారొస్తున్నారట!

2023 అక్టోబరు నెలాఖరులో ఒకరోజు. పొద్దున్నే కాఫీ కలుపుతుంటే మావారు పేపర్లోంచి తలెత్తకుండానే, "అమ్మాయిల క్రికెట్ జట్టుకి కొత్త హెడ్ కోచ్‌ని వేశారట" అన్నారు. అంతే! మా అమ్మాయి నోట్లో బ్రష్షు ఉండగానే హాల్లోకి పరిగెత్తుకొచ్చింది. అప్పటికి దానికి పదకొండేళ్లు. "ఎవరు నాన్నా? ఎవరట?" అంటూ పేపరు లాక్కుని, పేస్టు నురగ కాస్తా దానిమీద పోసింది.

మా అత్తయ్యగారు పూజగదిలోంచే, "ఎవరైతే ఏంటే? వంటమనిషి మారితే కందిపప్పు పెసరపప్పవుతుందా?" అన్నారు.

పైకి నవ్వేశాను గానీ, పప్పు మారకపోయినా రుచి మారుతుందని పదిహేనేళ్లుగా వంటింట్లో ఉన్నదాన్ని, నాకు తెలియదూ!

కొత్త కోచ్ పేరు అమోల్ మజుందార్. ఆయన ఇండియాకి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదని తెలిసి మా అమ్మాయి మొహం ముడుచుకుంది. సాయంత్రం గాజువాక నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి క్రికెట్ అంటే ప్రాణం. "అక్కా, ఆయన మన ఆంధ్రా జట్టుకి కూడా ఆడాడే! ముంబయి, అస్సాం, ఆ తర్వాత మనకే" అంటూ అరగంట కథ చెప్పాడు. 1988లో స్కూలు టోర్నమెంటులో సచిన్, కాంబ్లీ కలిసి 664 పరుగులు కొట్టినప్పుడు, తర్వాత బ్యాటింగుకి వెళ్లాల్సిన కుర్రాడు ఈయనేనట. ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు, వంతు రాలేదు. 1994లో రంజీ మొదటి మ్యాచ్‌లోనే 260 కొట్టాడు. మొత్తమ్మీద దేశవాళీ ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో పదకొండు వేల పైచిలుకు పరుగులు చేశాడు. అయినా ఇండియా జట్టు పిలుపు మాత్రం జీవితంలో రాలేదు.

వంతు కోసం కూర్చోవడమంటే ఏమిటో తెలిసిన మనిషికి ఆడపిల్లల జట్టుని అప్పగించడం మంచిదే అనిపించింది నాకు. ఎందుకో చెప్పాలంటే నా కాలేజీ రోజులకి వెళ్లాలి.

నేను డిగ్రీ చదివేటప్పుడు బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. మా పీడీ మేడమ్ మా వెనకపడి మరీ ఆడించేవారు. సెకండియర్లో ఆవిడకి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన కూడా మంచాయనే, కోప్పడింది లేదు. కాకపోతే ఆటల గదికి తాళం వేసి, "పరీక్షలకి చదువుకోండమ్మా" అన్నారు. అంతటితో మా జట్టు అయిపోయింది. ఎవరం అడగలేదు, ఏడవలేదు. మేడమ్ వెళ్లిపోయారు కాబట్టి ఆటా వెళ్లిపోయిందనుకున్నాం. ఒక్క మనిషి మారితే ఒక తలుపు మూసుకుపోతుందని అప్పుడు తెలిసింది. అందుకే 'కొత్త కోచ్' అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఆశా వేస్తుంది, భయమూ వేస్తుంది.

కుర్చీలాట

అమ్మాయిల జట్టు విషయంలో ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మన సికింద్రాబాదు అమ్మాయి పూర్ణిమా రావు ఆ జట్టుకి కోచ్‌గా ఉండేవారు. 2017లో ప్రపంచ కప్పు ఇంకో రెండు మూడు నెలలుందనగా ఆవిడని తప్పించారు. తుషార్ అరోఠే వచ్చారు, మనవాళ్లు లార్డ్స్‌లో ఫైనల్ దాకా వెళ్లి తొమ్మిది పరుగుల తేడాతో ఓడారు. మర్నాటి ఏడాదే ఆయన వెళ్లిపోయారు. రమేష్ పొవార్ వచ్చారు. ఆ ఏడాది వెస్టిండీస్‌లో జరిగిన టీ20 ప్రపంచ కప్పు సెమీఫైనల్లో మన మిథాలీ రాజ్‌ని ఆడించకపోవడం, మనం ఓడిపోవడం, ఆ గొడవ వీధిన పడడం గుర్తుండే ఉంటుంది. తర్వాత డబ్ల్యు.వి. రామన్, మళ్లీ పొవార్. 2022 డిసెంబరులో ఆయన్నీ మార్చాక, దాదాపు పది నెలలు పూర్తికాలపు హెడ్ కోచే లేరు. అయిదారేళ్లలో నాలుగుసార్లు కుర్చీ మారితే ఆడే పిల్లలు ఎవరి మాట వినాలి? ఏడాదికో టీచరు మారే క్లాసులో పిల్లలకి లెక్కలొస్తాయా?

అందుకని మా అపార్టుమెంటులో ఆశలు పేరుపేరునా బయల్దేరాయి. ఎదురింటి పిన్నిగారికి స్మృతి మంధాన ప్రతి మ్యాచ్‌లోనూ సెంచరీ కొట్టాలి. మావారికి ఫీల్డింగు బాగుపడాలి. మా అమ్మాయికి కప్పు కావాలి, అంతే. నా కోరిక ఒక్కటే: ఈయనైనా నాలుగు రోజులు నిలబడాలి!

మొదలు బాగానే ఉంది. 2023 డిసెంబరులో టెస్టుల్లో ఇంగ్లండుని 347 పరుగుల తేడాతో, ఆస్ట్రేలియాని ఎనిమిది వికెట్ల తేడాతో ఓడించాం. 2024 టీ20 ప్రపంచ కప్పులో మాత్రం మొదటి దశలోనే ఇంటిముఖం పట్టాం. "కోచ్‌ని మార్చాలి" అన్న మాట మా మెట్లమీద మళ్లీ వినబడింది.

"మేస్టర్ని మార్చీమనండమ్మా!"

2025 అక్టోబరులో ప్రపంచ కప్పు మన విశాఖకే వచ్చింది. నిజం చెప్పొద్దూ, మా ఇంట్లో దసరా అయ్యాక దసరా వచ్చినట్లయింది. 9వ తేదీన దక్షిణాఫ్రికా చేతిలో మూడు వికెట్ల తేడాతో ఓడిపోయాం. రిచా ఘోష్ 94 కొట్టి నిలబెట్టినా, చివర్లో నదీన్ డిక్లెర్క్ అనే అమ్మాయి 84 కొట్టి మ్యాచ్ ఎత్తుకుపోయింది. "పోన్లే, ఆదివారం ఉందిగా" అనుకున్నాం.

12వ తేదీ ఆదివారం, ఆస్ట్రేలియాతో మ్యాచ్‌కి నలుగురం పోతినమల్లయ్యపాలెం స్టేడియానికి వెళ్లాం. ఆ రోజే అక్కడ ఒక స్టాండుకి మిథాలీ రాజ్ పేరు, ఇంకోదానికి మన ఆంధ్రా వికెట్ కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. ఆ పేర్లు చూసి నాకు కళ్లు చెమర్చాయి. మనవాళ్లు 330 కొట్టారు. కడప పిల్ల శ్రీచరణి మూడు వికెట్లు తీస్తే జనం ఊగిపోయారు. కానీ అలిస్సా హీలీ 142 కొట్టింది, ఒక ఓవరు మిగిలుండగానే వాళ్లు గెలిచేశారు. ఆడవాళ్ల వన్డేల్లో అంత పెద్ద స్కోరుని అంతకు ముందెవరూ ఛేదించలేదట. ఆ రికార్డు మన ఊళ్లోనే, మనమీదే!

బయటికొస్తుంటే వెనకాల కుర్రాళ్లు కోచ్‌ని తిడుతున్నారు. దాచడమెందుకు, నేనూ ఓ మాటన్నాను. మర్నాడు కూరగాయల బండి ఆవిడ కూడా, "ఏటమ్మా, రెండుమార్లూ ఓడిపోనారేటి? ఆ మేస్టర్ని మార్చీమనండమ్మా!" అంది. దీపావళి ముందురోజు ఇండోరులో ఇంగ్లండు చేతిలో నాలుగే నాలుగు పరుగుల తేడాతో ఓడిపోయేసరికి, నేను టీవీ కట్టేసి చెగోడీలు వేయించుకోవడానికి వంటింట్లోకి వెళ్లిపోయాను.

అప్పుడే మా అమ్మాయి నెమ్మదిగా నా పక్కకొచ్చి, "అమ్మా, నేను క్యాంపు మానేస్తాను" అంది.

దాని వెనక సంగతి వేరే ఉంది. అది రెండేళ్లుగా మా ఇంటి దగ్గర గ్రౌండులో ఆఫ్ స్పిన్ నేర్చుకుంటోంది. వేసవి తర్వాత అక్కడి పాత సార్ వెళ్లిపోయి కొత్తాయన వచ్చారు. అప్పటినుంచి ఆడపిల్లలు అయిదుగురూ బౌండరీ దగ్గర నిలబడి మగపిల్లలు కొట్టిన బంతులు ఏరి ఇవ్వడమే. నెట్స్‌లో వంతు రావడంలేదు. ఇద్దరు అప్పటికే మానేశారు. నాకు అదేమీ తెలియదు. మూడు నెలలుగా అది చెప్పలేదు, నేను అడగలేదు. మా ఆటల గదికి తాళం పడ్డ రోజు గుర్తొచ్చి నూనె మాడబెట్టాను.

"టోర్నమెంటు అయ్యేదాకా ఆగు, తర్వాత చూద్దాం" అన్నాను. నాకే నమ్మకం లేకుండా అన్నాను.

ఓడాక ఏం చేశారు?

ఆ తర్వాత జరిగింది మీకందరికీ తెలిసిందే. ఇండోరు ఓటమి రాత్రి కోచ్ గట్టిగానే మాట్లాడారట. ఆయన మాట మనసులోంచి వస్తుందని మాకు తెలుసు, అందుకే తప్పుగా తీసుకోలేదన్న అర్థంలో కెప్టెన్ హర్మన్‌ప్రీత్ తర్వాత చెప్పింది. రెండేళ్లు కలిసి ఉన్న మనిషి కాబట్టి ఆ మాట చెల్లింది. నిన్న కాక మొన్న వచ్చినాయన అంటే గొడవయ్యేది కాదూ!

ఇండోరులో జట్టులోంచి తీసేసిన జెమీమా రోడ్రిగ్స్‌ని తర్వాతి మ్యాచ్‌కి వెనక్కి పిలిచి, మూడో నంబరులో పంపారు. ఆ మ్యాచ్ గెలిచాం. సెమీఫైనల్ నాటికి మాకు మొంథా తుపాను వానలు అప్పుడే తగ్గాయి. మళ్లీ ఆస్ట్రేలియాయే, ఈసారి లక్ష్యం 339! వాళ్లకంటే ఒక్క పరుగు ఎక్కువ చేస్తే చాలు అని కోచ్ డ్రెస్సింగ్ రూములో బోర్డుమీద రాశారట. జెమీమా 127 కొట్టి చివరిదాకా నిలబడింది. విశాఖలో మనమీద పెట్టిన రికార్డుని ఆ రాత్రి మనవాళ్లే చెరిపేశారు.

నవంబరు 2న నవీ ముంబయిలో ఫైనల్. గాయపడ్డ ప్రతీకా రావల్ స్థానంలో వచ్చిన షెఫాలీ వర్మ 87 కొట్టింది. దీప్తి శర్మ 58 కొట్టి అయిదు వికెట్లు తీసింది. ఆఖరి వికెట్ ఎవరిదనుకున్నారు? విశాఖలో మనల్ని ఏడిపించిన డిక్లెర్క్‌దే! 52 పరుగుల తేడాతో గెలిచాం. హర్మన్‌ప్రీత్ వంగి కోచ్ కాళ్లకి దండం పెట్టింది. మా అత్తయ్యగారు కళ్లొత్తుకుంటూ, "వంటమనిషి మంచాడేనే" అన్నారు.

మర్నాడు పొద్దున్నే నేను గ్రౌండుకి వెళ్లాను. మాటలు తడబడ్డాయి గానీ, "ఆడపిల్లలకి నెట్స్‌లో వంతెప్పుడు సార్?" అని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనొచ్చి అయిదు నెలలైందమ్మా. మగపిల్లల తండ్రులు రోజూ వచ్చి మావాడి బ్యాటింగెలా ఉందని అడుగుతారు. ఆడపిల్లల అమ్మలు ఫోన్ చేసి ఎన్నింటికి వదుల్తారని మాత్రమే అడుగుతారు" అన్నారు.

తప్పు ఆయనది కాదని నేననను. కానీ ఆ మాట నాకు తగలాల్సిన చోట తగిలింది. టీవీలో కనబడే కోచ్ గురించి రెండేళ్లు చర్చించిన దాన్ని, ఇంటి పక్క కోచ్‌తో అయిదు నెలల్లో అయిదు నిమిషాలు మాట్లాడలేదు! మిగతా ఇద్దరు పిల్లల అమ్మల్నీ వెంటబెట్టుకుని ఇంకోసారి వెళ్లాక, ఆదివారం పొద్దున్న ఒక నెట్ అమ్మాయిలకే ఇచ్చారు. మానేసిన ఇద్దరిలో ఒకమ్మాయి తిరిగొచ్చింది. రెండో పిల్ల రాలేదు. ఆ వెలితి అలాగే ఉంది.

పెద్ద జట్టు విషయంలోనూ నాకింకో కోరిక మిగిలింది. 2023లో అండర్-19 ప్రపంచ కప్పు గెలిచిన అమ్మాయిల కోచ్ ఒక ఆడమనిషే, నూషీన్ అల్ ఖదీర్. మన విశాఖ పిల్ల షబ్నమ్, భద్రాచలం త్రిష ఆ జట్టులోని వాళ్లే. పూర్ణిమా రావు తర్వాత 2025 గెలుపు దాకా పెద్ద జట్టుకి పూర్తికాలపు హెడ్ కోచ్‌గా మాత్రం ఒక్క స్త్రీ కూడా రాలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఆ వార్త కూడా కాఫీ కలుపుతూ వినాలని ఉంది. వచ్చినావిడ మొదటి మూడు మ్యాచ్‌లు ఓడిపోతే, టీవీ కట్టెయ్యకుండా కూర్చోవడం నా వంతు.

మీ వీధిలోనూ ఏ గ్రౌండులోనో, ఏ స్కూల్లోనో ఒక కొత్త సారో, కొత్త మేడమో వచ్చే ఉంటారు. ఒకసారి వెళ్లి పలకరించండి.

మా అమ్మాయి ఇంటికి రాగానే, "ఆలస్యమైందేం?" అని అడగడం నేను మానేశాను. ఇప్పుడు అడిగేది ఒక్కటే, "ఇవాళ ఎన్ని ఓవర్లు వేయించారే?"