చల్లటి బండ, వెచ్చటి నేల

ధనుర్మాసంలో తెల్లవారుజామున, కల్లావి ఊళ్లో మంచం దిగి బండల మీద కాలు పెడితే చలి అరికాలి నుంచి జివ్వున ఎక్కుతుంది. పక్కనే చాప మీద పెడితే అంత అనిపించదు. చాపా బండా ఉన్నది ఒకే గదిలో, రెంటి ఉష్ణోగ్రతా ఒకటే. కాలిలోని వేడిని ఎంత త్వరగా లాక్కుంటుందన్న దగ్గరే తేడా. గ్రానైట్ ఆ పనిలో కట్టె కంటే పది రెట్లకు పైగా చురుకు. మనల్ని వణికించే ఈ గుణమే చలిదేశాల్లో పనికొస్తుంది. అడుగున వేడినీళ్ల గొట్టాలు పరిచి పైన బండ వేస్తే, ఆ బండ వేడిని అంతే చురుగ్గా గదిలోకి పంపుతుంది.

ఈ ఆలోచన చాలా పాతది. రోమన్లు స్నానశాలల్లో పొట్టి ఇటుక స్తంభాల మీద నేలను లేపి కట్టి, కింద పొయ్యి వేడిగాలిని పారించేవారు. కొరియా వాళ్ల ‘ఒండోల్’ ఇంకా నేర్పైనది. వంటింటి పొయ్యి పొగ తిన్నగా బయటికి పోదు. పడకగది రాతిపలకల కింద సాగి, అవతలి గోడ పక్కనున్న గొట్టంలోంచి వెళ్తుంది. అన్నం ఉడికించిన మంటే పడకనూ వెచ్చబెడుతుంది. నేల మీదే కూర్చుని, నేల మీదే పడుకునే జనానికే ఇలాంటిది తడుతుందని నాకనిపిస్తుంది.

కుర్చీలెక్కిన యూరప్ గోడపక్క వేడిని వెతుక్కుంది. 1850లలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్రాంజ్ సాన్ గల్లి అనే అతను పోత ఇనుముతో రేడియేటర్ చేశాడు. పేరు కిరణాలను గుర్తుచేసినా, ఎక్కువ పని గాలిదే. ఇనుము తాకి వేడెక్కిన గాలి పైకప్పుకు చేరుతుంది, చల్లగాలి నేల వెంట జారి వస్తుంది. తల వెచ్చగా, కాళ్లు చల్లగా ఉంటాయి. ఒంటి మీద వెచ్చదనం కోరేవాళ్లకు ఇది తలకిందుల వరస. అయితే అరగంటలో గది కాగుతుంది. వేడినీళ్లు పారే రేడియేటర్ పైసగం చల్లగా ఉంటే లోపల గాలి చిక్కుకుందని అర్థం. చిన్న తాళంచెవితో మర తిప్పగానే బుస్సుమని గాలి పోయి, వెనకే నీటిచుక్క వస్తుంది. మరమ్మతు అంతే. నేల కింద గొట్టం కారితే మాత్రం బండ పగలగొట్టాల్సిందే.

జపాన్‌లో కొరియా పద్ధతి గదిలో కూర్చుని ముచ్చటపడిన వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్, 1937లో అమెరికాలో కట్టిన జేకబ్స్ ఇంట్లో నేల కింద గొట్టాలు వేయించాడు. తుప్పు పట్టని ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాకే ఈ పద్ధతి ఇంటింటికీ చేరింది. రేడియేటర్‌కు 60, 70 డిగ్రీల నీళ్లు కావాలి. నేలకు 35, 40 చాలు, ఎందుకంటే గదంతా వేడిపలకే. మనుషులు మసలేచోట నేల 29 డిగ్రీలు దాటకూడదని యూరప్ ప్రమాణం. అయితే కాంక్రీటు వేడెక్కడానికి గంటలు పడుతుంది. రాత్రికి మాత్రమే ఇల్లు చేరేవాళ్లకు రేడియేటరే నయం.

మన దగ్గర చలికాలం వేడిచేసే గది ఒకటే, పట్టుపురుగులది. హోసూరు వైపు లేతపురుగులకు 27 డిగ్రీల వెచ్చదనం, 85 శాతం తేమ ఉండాలి. బొగ్గు కుంపటి పెడితే దాని దగ్గరి తట్టల్లో ఆకు వాడిపోతుంది, మూలనున్న తట్టల్లో పురుగులు ముడుచుకుంటాయి. తడిగోనెలు వేలాడదీసినా గాలి ఆరిపోతూనే ఉంటుంది. మూసిన గదిలో బొగ్గు పొగ పురుగుకూ మనిషికీ ప్రమాదమే. మన మిద్దెల మీద సోలార్ హీటర్లు 60 డిగ్రీల నీళ్లిస్తున్నాయి, ఈ గదికి అందులో సగానికి కాస్త ఎక్కువ వేడి చాలు. మిద్దె మీది తొట్టి నుంచి ఒక గొట్టం దించి, లేతపురుగుల చాకీ గది బండల కింద నాలుగు మెలికలు తిప్పి చూడమని రైతులను అడగాలని ఉంది.