ఆకాశం నుంచి దిగే బండికి గాలే బ్రేకు

దువ్వాడ: స్టేషను మీదుగా పోయే బరువు గూడ్సును చూసిన వారికి తెలుసు, డ్రైవరు బ్రేకు వేసిన చోటే బండి ఆగదు. ఎంతో ముందే వెయ్యాలి. అంతరిక్షం నుంచి దిగే నౌకకు పట్టాలు లేవు, చక్రాలు లేవు. దానికి గాలే బ్రేకు. ఆ గాలి ఏ ఎత్తున ఎంత పట్టుకుంటుందో నేల మీద కూర్చుని ముందే లెక్క కట్టాలి.

శ్రీహరికోట నుంచి 2007 జనవరి 10న రాకెట్టు మోసుకుపోయిన 550 కిలోల చిన్న నౌక విషయంలో ఈ లెక్క సరిపోయింది. అది పన్నెండు రోజులు భూమి చుట్టూ తిరిగి, 22వ తేదీ ఉదయం 9.37కు నూరు కిలోమీటర్ల ఎత్తున గాలిలో ప్రవేశించింది. అప్పుడు వేగం గంటకు 29 వేల కిలోమీటర్లు. అయిదు కిలోమీటర్ల ఎత్తుకు వచ్చేసరికి 364. పారాచూట్లు విచ్చుకున్నది ఆ తర్వాతే. అంతవరకు ఆపింది వట్టి గాలి. 9.46కు గంటకు 43 కిలోమీటర్ల వేగంతో బంగాళాఖాతంలో పడి తేలింది.

వేగం పోతే వేడి పుడుతుంది. రాపిడి వల్ల అనుకుంటారు గాని, అసలు సంగతి వేరు. ముందున్న గాలికి తప్పుకునే వ్యవధి లేక నలిగి కాగిపోతుంది. సైకిలు పంపు కొట్టి అడుగున చెయ్యి పెడితే తెలుస్తుంది. ఇక్కడ ఆ వేడి వేల డిగ్రీలు. మన ఉక్కు కర్మాగారంలో కరిగిన ఇనుము సుమారు 1500 డిగ్రీలే! అందుకే నౌక మూతి మొద్దుగా చేస్తారు. మొద్దు మూతి ముందు కాగిన గాలి ఎడంగా నిలిచి, చాలా వేడిని తనతోనే పక్కకు పట్టుకుపోతుంది.

దిగే వాలు కూడా ముఖ్యమే. మరీ నిటారుగా దిగితే లోపలి మనిషి ఆ ఒత్తిడికి తట్టుకోలేడు. వాలు మరీ తగ్గితే చెరువు మీద విసిరిన పెంకు మాదిరి కప్పగంతు వేసి అనుకున్న చోటు దాటిపోతుంది.

పరాయి లోకాల్లో లెక్క మళ్లీ మొదటి నుంచి వెయ్యాలి. అంగారకుడి మీద గాలికి మన గాలిలో నూటికి రెండు పాళ్ల చిక్కదనమైనా లేదు. బరువైన నౌకకు పారాచూటు చాలక చివర రాకెట్లు మండించాలి. శనిగ్రహపు చందమామ టైటాన్‌పై గాలి మనకు నాలుగింతల చిక్కన. 2005 జనవరి 14న హైగెన్స్ నౌక అక్కడ దిగడానికి రెండున్నర గంటలు పట్టింది.

మనుషులను పంపేందుకు తలపెట్టిన గగన్‌యాన్‌కు విశాఖలోనే తర్ఫీదు జరిగింది. 2023 జూలైలో నావల్ డాక్‌యార్డులో అదే బరువు, అదే ఆకారం గల నమూనాను నీట దించి, పైకి తీసే అభ్యాసం మొదలుపెట్టారు. 2024 డిసెంబరు 6న విశాఖ తీరాన మరో పరీక్ష చేశారు. ఓడ వెనుక భాగాన్ని నీటితో నింపి, నౌకను లోనికి లాగి, నీరు తోడేస్తారు. లోపలివారు సముద్రంలో తలుపు తీయకుండానే ఓడలోకి చేరతారు.