చక్రమునకును ఇరుసునకును నడుమ

యుద్ధమధ్యమున దశరథుని రథచక్రపు శీల జారిపోగా, కైకేయి తన వ్రేలినే శీలగా నుంచి రథమును నిలిపెనను కథను మన సోదరీమణు లెల్లరును పెద్దలవలన వినియే యుందురు. కంటికానని చిన్న వస్తువుపై ఎందరి ప్రాణములు ఆధారపడి యుండునో ఆ కథ తెలుపుచున్నది. మా యింటివారి పాఠశాలకు వేసవి సెలవు లిచ్చినప్పుడు జర్మనీదేశమున స్టుట్‌గార్టు నగరములో మా తమ్ముని యింట కొన్నాళ్లుంటిమి. అచ్చట ఈ కథ మాకు మరల జ్ఞప్తికి వచ్చినది.

మా తమ్ముడు ముచ్చటపడి 1973వ సంవత్సరపు పోర్షె 911 కారు నొకదానిని కొనినాడు. ఈ జాతి కారును ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమున 1963లో మొదట చూపిరి. వెనుక చక్రములు మడ్గార్డు అంచువరకు వచ్చిన అందముగా నుండునని తలచి, అతడు వానికి స్పేసర్లు తగిలించెను. స్పేసరనగా హబ్బునకును చక్రమునకును నడుమ నుంచు లోహపు బిళ్ల. బిళ్ల పలుచనిదైనచో కారు స్టడ్డులే దానిగుండ పోయి చక్రమును పట్టవలెను. మందమైనదానికి వేరుగా స్టడ్డు లుండును. అది హబ్బునకును, చక్రము దానికిని బిగింపబడును. వేరు కొలత చక్రమును పట్టించుటకును ఇట్టిదానినే వాడుదురు, దానిని అడాప్టరందురు.

ఒకనాడు అతడు చక్రము నెక్కించుచుండగా, ప్రక్కన నిలిచిన మా మరదలు నట్టు తిరుగు చుట్లను లెక్కించినది. ఐదే చుట్లు! ఈ కారు స్టడ్డు మందము 14 మిల్లీమీటర్లు. నట్టు ఒక్క చుట్టునకు ఒకటిన్నర మిల్లీమీటరు సాగును. స్టడ్డు మందమెంతయో అంతమేరయైనను నట్టు మరను పట్టవలెనన్నచో, తొమ్మిది చుట్లకు మించి తిరుగవలెను. బిళ్ల ఎంత మందమో, నట్టునకు దొరకు స్టడ్డు అంత తగ్గినది. “ఏమండీ, పాపను ఈ బండిలో ఎక్కించను” అని ఆమె ఖండితముగా చెప్పెను. మా తమ్ముడు చిన్నబుచ్చుకొనెను గాని, ఆ సాయంకాలమే స్పేసర్లను ఊడదీసెను.

పిమ్మట పొడవైన స్టడ్డులు వేసిన వృద్ధ మెకానిక్కు చెప్పిన సంగతులను మేము వ్రాసికొంటిమి. నట్ల బిగువుచే హబ్బును చక్రమును ఒకదానినొకటి గట్టిగా అదుముకొనును. చక్రమును నిలుపునది ఆ పట్టే. కావున నడుమ తుప్పుగాని మట్టిగాని పెచ్చులూడు రంగుగాని ఉండరాదు. బిళ్ల నడిమి రంధ్రము హబ్బుపై వదులు లేక కూర్చుండవలెను. రెండు బిళ్లలను ఒకదానిపై నొకటి పెట్టరాదు. పోర్షె నట్టు అడుగు బంతివలె గుండ్రనిది. కొన్ని యితర చక్రములకు ఏటవాలు నట్లు కావలెను. ఒకదానికి బదులు మరియొకటి పనికిరాదు. అడాప్టరు వెలుపలికి పాత స్టడ్డుల కొనలు పొడుచుకొని వచ్చినచో, చక్రము వెనుక వానికి చోటుండవలెను. లేకున్న చక్రము సమముగా ఆనదు.

నట్లను వరుసగా గాక, నక్షత్రము గీసినట్లు ఒకటి విడిచి యొకటిగా, టార్కు రెంచితో 130 న్యూటన్ మీటర్లవరకు బిగింపవలెను. 50 మొదలు 100 కిలోమీటర్లు నడచిన పిమ్మట మరల చూడవలెను. అడాప్టరు లోపలి నట్లు చక్రము విప్పినగాని కానరావు, వానిని మరువరాదు. మనుష్యులు కూర్చుండి బండి క్రుంగినప్పుడు టైరు మడ్గార్డునకు రాయునేమో పరీక్షింపవలెను. చక్రము వెలుపలికి జరిగినకొలది బేరింగులపై బరువు హెచ్చునుగాన, బిళ్ల ఎంత పలుచనైన అంత మేలు. జర్మనీలో ఇట్టి మార్పునకు తగిన ఆమోదపత్రమైనను పరీక్షకుని అంగీకారమైనను ఉండవలెను.

అన్నియు సరిచూచిన తరువాత మా మరదలు మరల చుట్లు లెక్కించి, పాపను ఒడిలో నుంచుకొనక, దానికి తగిన ఆసనమున కట్టి కూర్చుండబెట్టినది. అందము కోరుట దోషము కాదు. కాని కైకేయివలె వ్రేలు పెట్టవలసిన గడియ రాకమునుపే, చుట్లు లెక్కించుకొనుట ఇల్లాలి వివేకము.