నాన్నది పోస్టాఫీసు, పిల్లలది సెల్‌ఫోను

చవక నగరంగా పేరున్న కోల్‌కతాలో మొదటి జీతం అందుకుంటున్న తరానికి నెలాఖరున నాలుగు రూపాయలు మిగిలే వీలుంది. అవి ఎటు పోతాయన్నదే ప్రశ్న. ఈ నగరానికి అది కొత్త ప్రశ్నేమీ కాదు.

కొత్త ఉద్యోగం. ఓ మోస్తరు జీతం. ఖర్చు మాత్రం తక్కువ. సాల్ట్‌లేక్ సెక్టర్ ఫైవ్‌లోనో న్యూటౌన్‌లోనో కొలువు దొరికిన కోల్‌కతా యువతకున్న వెసులుబాటు బెంగళూరుకో హైదరాబాద్‌కో వలసపోయినవారికి ఉండదు. సొంతూళ్లోనే ఉద్యోగం కాబట్టి చాలామంది అమ్మానాన్నల దగ్గరే ఉంటారు, అద్దె బాధ లేదు. జిల్లాల నుంచి వచ్చినవారికి కాలేజ్ స్ట్రీట్, సియాల్దా చుట్టుపక్కల పాతకాలపు మెస్‌బాడీలున్నాయి. మెట్రో కనీస చార్జీ 5 రూపాయలు. 2025 ఆగస్టు నుంచి హౌరా మైదాన్‌లో ఎక్కితే హుగ్లీ నది అడుగు నుంచి నేరుగా సెక్టర్ ఫైవ్‌లో దిగొచ్చు. ఆఫీసు పాడాలో పనిచేసేవారికి మధ్యాహ్నం డేకర్స్ లేన్‌లో చవగ్గా కడుపు నిండుతుంది.

అయితే ఖర్చు తక్కువైనంత మాత్రాన పొదుపు దానంతటదే పెరగదు. దుర్గా పూజ ముందు గడియాహాట్, హాతీబాగాన్, న్యూమార్కెట్‌ల మీదుగా ఒక్కసారి నడిస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. ఒకప్పుడు పూజ బోనస్ చేతికొచ్చాకే కొత్త బట్టలు. ఇప్పుడు బోనస్ కంటే ముందే ఫోనులో 'సులభ వాయిదాల' కబురు వస్తోంది.

48 శాతం మాయ

పొదుపు విషయంలో బెంగాలీ మధ్యతరగతి జాగ్రత్త తెలిసినదే. చిన్న మొత్తాల పొదుపు వసూళ్లలో పశ్చిమ బెంగాల్ ఏళ్లతరబడి దేశంలో ముందు వరసలో నిలిచింది. పోస్టాఫీసు పాసు పుస్తకం, నెలవారీ ఆదాయ పథకం, పీపీఎఫ్ ఇంటింటి మాటలు. కానీ అదే రాష్ట్రం భారీ డిపాజిట్ మోసాలకూ వేదికైంది. 1970ల్లో సంచయిత ఇన్వెస్ట్‌మెంట్స్ కాగితం మీద 12 శాతం వడ్డీ రాసి, చాటుగా ఏడాదికి 48 శాతం దాకా చెల్లించింది. 1980 డిసెంబరులో సోదాలు జరిగాక ఆ పేకమేడ కూలింది.

ముప్పై ఏళ్లు తిరక్కుండానే శారదా వచ్చింది. దాని వెనుక వడ్డీ రేట్ల కథ ఉంది. 2000 జనవరి దాకా 12 శాతం ఇచ్చిన పీపీఎఫ్ 2003 మార్చి నాటికి 8 శాతానికి దిగింది. 2011 డిసెంబరులో చిన్న మొత్తాల ఏజెంట్ల కమీషన్‌కు కేంద్రం కోత పెట్టింది. అటు డిపాజిటర్లకు అధిక రాబడి, ఇటు ఏజెంట్లకు భారీ కమీషన్ ఎర వేసిన కంపెనీలకు ఇంతకన్నా అదును ఏముంటుంది? 2013 ఏప్రిల్‌లో శారదా కుప్పకూలేనాటికి సుమారు 17 లక్షల మంది అందులో చిక్కుకుని ఉన్నారు. అధిపతి సుదీప్త సేన్ కశ్మీర్‌లోని సోన్‌మార్గ్‌లో పట్టుబడ్డారు. బాధితుల కోసం రాష్ట్ర ప్రభుత్వం 500 కోట్ల రూపాయల నిధి ప్రకటించి, అందుకోసం పొగాకుపై పన్ను పెంచింది. 2014 మేలో సుప్రీంకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

బెంగాల్ పత్రికలు దీన్ని 'చిట్‌ఫండ్ కుంభకోణం' అన్నాయి. తెలుగువారికి తెలిసిన చీటీ ఇది కాదు. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చీటీలో సభ్యులెందరో, పాట ఎప్పుడో ముందే తెలుస్తుంది. శారదా భూములు, పర్యటనల పేరుతో జనం నుంచి డిపాజిట్లు గుంజిన వ్యవహారం. తెలుగువారికి దాని అసలు పోలిక, లక్షల మందిని ముంచిన అగ్రిగోల్డ్.

జేబులోని ఏజెంటు

శారదా పతనం చూసిన ఇంట్లో పెరిగినవారు ఇప్పుడు సంపాదనపరులయ్యారు. తెలిసిన ఏజెంటు తలుపు తడితే వీళ్లు నమ్మకపోవచ్చు. కానీ ఏజెంటు ఇప్పుడు జేబులోనే ఉన్నాడు. డీమ్యాట్ ఖాతా నిమిషాల్లో తెరుచుకుంటుంది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆట అరచేతిలోకి వచ్చింది. 2024 సెప్టెంబరులో సెబీ వెల్లడించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి మూడేళ్లలో ఈ విభాగంలో లావాదేవీలు జరిపిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. పోగొట్టుకున్న మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. వీరిలో 30 ఏళ్లలోపు వారి వాటా ఒక్క ఏడాదిలోనే 31 నుంచి 43 శాతానికి ఎగబాకింది.

రెండో ఉచ్చు క్రెడిట్ కార్డు. 'కనీస మొత్తం' కట్టి ఊపిరి పీల్చుకునేవారు గమనించని సంగతొకటుంది. మిగిలిన బాకీపై చాలా కార్డులు నెలకు 3.5 శాతం దాకా వడ్డీ వేస్తాయి. ఆ లెక్కన, ఏమీ కట్టకుండా వదిలేస్తే 50,000 రూపాయల బాకీ ఏడాదికి 75,000 దాటుతుంది. జరిమానాలు, పన్నులు అదనం. సంచయిత జనానికి ఆశ చూపిన వడ్డీ కంటే ఇది ఎక్కువ. తేడా ఒక్కటే. అప్పట్లో ఆ వడ్డీ వస్తుందని నమ్మారు, ఇప్పుడు తామే కడుతున్నారు.

మూడోది ఎవరూ పెద్దగా మాట్లాడని మార్పు. వెనకటి తరాన్ని పొదుపు వైపు తోసింది వివేకం ఒక్కటే కాదు, ఆదాయ పన్ను కూడా. సెక్షన్ 80సి మినహాయింపు కోసమైనా ఏటా మార్చిలోగా పీపీఎఫ్‌లోనో ఎల్ఐసీలోనో డబ్బు వేసేవారు. 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే సాధారణ విధానమైంది. అందులో ఆ మినహాయింపు లేదు. 2025 ఏప్రిల్ నుంచి 12 లక్షల రూపాయల ఆదాయం దాకా పన్ను కూడా లేదు. చేతిలో డబ్బు మిగిలింది, దాచమని నెట్టే చెయ్యి పోయింది.

పదేళ్ల ఖరీదు

ఆలస్యం ఖరీదెంత? 25వ ఏట మొదలుపెట్టి నెలకు 5,000 రూపాయల చొప్పున 55 ఏళ్ల దాకా దాస్తే కట్టేది 18 లక్షలు. ఏటా 8 శాతం రాబడి అనుకుంటే చేతికొచ్చేది 74 లక్షల పైచిలుకు. అదే 35లో మొదలుపెడితే కట్టేది 12 లక్షలు, వచ్చేది 30 లక్షల లోపే. కట్టుబడిలో తేడా 6 లక్షలైతే ఫలితంలో తేడా దాదాపు 45 లక్షలు.

ఇందుకు పూజకు కొత్త బట్టలు మానుకోనక్కర్లేదు. కాఫీ హౌస్ అడ్డా, ఆదివారం మటన్ వదులుకోనక్కర్లేదు. చేయాల్సినవి కొన్నే. జీతం పడిన రోజే పొదుపు పక్కకు వెళ్లేలా బ్యాంకుకు చెప్పాలి. ఆరు నెలల ఖర్చు విడిగా ఉంచుకోవాలి. ఉద్యోగం పోతే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా పోతుంది కాబట్టి సొంత పాలసీ ఒకటి ఉండాలి. ఉద్యోగం మారినప్పుడు ప్రావిడెంట్ ఫండ్ తీసేసుకోకుండా కొత్త ఖాతాకు మార్చుకోవాలి. కార్డు బిల్లు మొత్తం కట్టాలి, కట్టలేకపోతే కార్డు పక్కన పెట్టాలి. ఎవరు డిపాజిట్ అడిగినా ముందు రిజర్వ్ బ్యాంకు, సెబీ రిజిస్ట్రేషన్ చూడాలి. అనుమతిలేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో చట్టమే వచ్చింది. కానీ పోయిన డబ్బును వెనక్కి తేవడం ఏ చట్టానికైనా కష్టమే. శారదా బాధితుల్ని అడిగితే ఆ మాట చెబుతారు.

ఇంట్లో అద్దె లేకుండా గడిచే ఈ నాలుగైదేళ్లే కోల్‌కతా యువతకు కలిసొచ్చే కాలం. పెళ్లి, పిల్లలు, ఇంటి అప్పు, పెద్దల వైద్యం వరసగా వచ్చి పడ్డాక నెలకు 5,000 మిగల్చడం ఇంత తేలిక కాదు.