పాచికలు లేని పటము

ఒంటరిగా ఆడువాడు తన్ను తాను మోసగించుకొనుట సులభము. ఎదుట రెండవ మనిషి ఉన్నచో తగవు వచ్చును. ఒక్కడే ఉన్నచో అదియు రాదు. ఏకాంతముగా ఆడుకొను పాత్రధారణ క్రీడలో పటము గీయుటకు నియమము కావలసినది ఇందుకే.

ఈ క్రీడ 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు రచించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో వ్యాప్తికి వచ్చినది. ఒకరు పాతాళ గృహముల పటమును రహస్యముగా గీసి యుంచుకొందురు. తక్కినవారు వీరుల పాత్రలు వహించి అందు ప్రవేశింతురు. పటము గీయువారే లేనిచో ఏమి చేయవలెను? 1975లో గైగాక్స్ ఒంటరి ఆటగాని కొరకు పట్టికలు ప్రకటించెను. పాచికపై పడిన సంఖ్య కెదురుగా పట్టికలో ఏమున్నదో, తలుపు తెరచినపుడు అదియే కనబడును.

పాచికలు లేకున్నను ఆట ఆగదు. 1979లో పాచికల కొరత ఏర్పడగా, ప్రచురణకర్తలే ఆట పెట్టెలో అంకెలు అచ్చువేసిన అట్టముక్కలు పెట్టిరి. వానిని కత్తిరించి, గిన్నెలో వేసి, చూడక ఒకటి తీయవలెను.

మన యిండ్లలో పేకముక్కలు చాలును. రాజు, రాణి, జాకీలను తొలగించినచో నలుబది ముక్కలు మిగులును. వానిని కలిపి రెండు సమభాగములు చేసి, క్రింది భాగములో ఇస్పేటు రాజును కలుపవలెను. అదియే గమ్యము. గళ్ల కాగితము నడుమ మూడు తలుపుల గది గీసి, ప్రతి తలుపునకు ఒక ముక్క తీయవలెను. ఇస్పేటు వచ్చిన నడవ, ఆఠీను వచ్చిన వట్టి గది, డైమను వచ్చిన నిధి గల గది, కళావరు వచ్చిన ఆపద గల గది. ముక్క సంఖ్య ఎంతో అన్ని గళ్ల పొడవు. ఆసు, రెండు అయినచో ముందునకు దారి లేదు. మూడు మొదలు ఏడు వరకు ఒక తలుపు. ఎనిమిది మొదలు పది వరకు రెండు. పాత గది అడ్డుపడినచో అక్కడికే ఆపవలెను.

దారి మూసివేయు ముక్కలు 8, రెండుగా చీల్చునవి 12 గనుక పటము సామాన్యముగా పెరుగుచునే యుండును. ఎప్పుడైన తలుపులన్నియు మూసికొన్నచో, చివరి గోడలో రహస్య ద్వారమొకటి గీయుదునని ముందుగానే వ్రాసికొనవలెను.

పాచికకు జ్ఞాపకము లేదు; పడిన సంఖ్యయే మరల పడవచ్చును. తీసిన ముక్కను కట్టలో మరల కలుపము గనుక పేకకు జ్ఞాపకము కలదు. మొదటి యిరువది ముక్కలలో గమ్యము రాదు. ఆ పిమ్మట తప్పక వచ్చును.

గవ్వలతోనైన ఆడవచ్చును గాని, లెక్క వేరు. ప్రతి గవ్వయు రెండు విధముల సమముగా పడునని తలచినను, నాలుగు గవ్వలలో రెండు వెల్లకిలపడుటకు పదునారింట ఆరు అవకాశములు, నాలుగును పడుటకు ఒకటియే. కనుక అరుదైన నిధిని నాలుగు దగ్గర ఉంచవలెను.

మనస్సునకు తోచిన అంకె మాత్రము పనికిరాదు. గాయపడిన వీరునికి మనస్సు ఎల్లప్పుడును వట్టి గదినే ఇచ్చును. కళావరు పది వచ్చినచో ఆ గదిని పెన్సిలుతో గీసి, లోనికి నడువవలసినదే.